‘ఐటిస్’లూ, ‘ఎక్టమీ’లూ మనకెందుకు అర్థం కావు?

ఒకసారి మీ బీరువా తలుపు తీసి చూడండి. పట్టుచీరల కిందో, బ్యాంకు పుస్తకాల పక్కనో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో అత్తగారి షుగర్ రిపోర్టులు, బాబుకి టైఫాయిడ్ వచ్చినప్పటి కాయితాలు, మామగారి గుండె పరీక్షలు, మీ స్కానింగు ఫిల్ములు... అన్నీ ఉంటాయి. వాటిని భద్రంగా దాచేది మనమే. ఆసుపత్రికి బయల్దేరే హడావుడిలో వెతికి తీసేదీ మనమే. కానీ వాటిలో ఏం రాసి ఉందో చదివేది మాత్రం మనం కాదు!

“మనకేం అర్థమవుతుందండీ, అంతా పెద్ద పెద్ద ఇంగ్లీషు” అంటాం. అసలు సంగతి ఏమిటంటే, అది ఇంగ్లీషే కాదు. చాలావరకు గ్రీకు! ఇంగ్లీషులో డిగ్రీ చేసినవాళ్ళకి కూడా అది మనకెంత కొత్తో అంతే కొత్త. కాబట్టి చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. నేను చదివింది ఇంటర్మీడియెట్ వరకే. మా అమ్మాయి జీవశాస్త్రం పుస్తకం, ఒక మంచి నిఘంటువు పక్కన పెట్టుకుని, మధ్యాహ్నం పూట తీరిక దొరికినప్పుడల్లా ఈ మాటల్ని విడదీసి చూడటం అలవాటు చేసుకున్నాను. ఒక ముప్పై గ్రీకు ముక్కలు వస్తే చాలు, కొన్ని వందల మాటలు వాటంతట అవే విడిపోతాయి. నమ్మకం లేదా? రండి, చూద్దాం.

గ్రీకు ఎందుకొచ్చింది?

వైద్యానికి పితామహుడని పేరున్న హిప్పోక్రటీస్ సుమారు 2400 ఏళ్ళ కిందట గ్రీసుకు చెందిన కోస్ అనే ద్వీపంలో ఉండేవాడు. ఆ తర్వాత రాజ్యం రోమన్ల చేతికి పోయింది కానీ, వైద్యం మాత్రం గ్రీకువాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. రోము నగరంలో గొప్ప వైద్యుడిగా వెలిగిన గాలెన్ కూడా తన గ్రంథాలు గ్రీకులోనే రాశాడు. ఆ పుస్తకాలే అరబ్బీలోకి వెళ్ళాయి, తర్వాత యూరపు అంతా పాకాయి. మన హైదరాబాదులో చార్మినార్ పక్కనే నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది కదా? ఆ ‘యునానీ’ అన్న మాటకి అర్థమే ‘గ్రీకుదేశపు’ అని! అంటే గ్రీకు వైద్యం ఇంగ్లీషు డాక్టర్లకంటే చాలా ముందే మన గుమ్మం తొక్కిందన్నమాట.

తర్వాతి కాలంలో కొత్త జబ్బు కనిపెట్టినా, కొత్త పరికరం చేసినా, పేరుకోసం డాక్టర్లు గ్రీకు డబ్బాలోనే చెయ్యి పెట్టారు. 1846లో అమెరికాలో ఆపరేషనుకి మత్తు ఇవ్వడం మొదలైనప్పుడు దానికి ‘అనస్థీషియా’ అని పేరు పెట్టారు. ‘అన్’ అంటే లేకపోవడం, ‘ఈస్థీసిస్’ అంటే స్పర్శ తెలియడం. స్పర్శ తెలియకుండా చెయ్యడం! మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క చెప్పాలి. 1880లలో హైదరాబాదులో వైద్యం చదివి, మత్తు ఇవ్వడంలో పేరు తెచ్చుకున్న రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. మనవాళ్ళు తక్కువ తిన్నారా!

పనసపండుని తొనలు తీసినట్టు...

పనసపండుని చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఒకసారి కోశాక తొనలు తొనలుగా వచ్చేస్తుంది. ఈ మాటలూ అంతే. ప్రతి మాటకీ ఒక ఒళ్ళు, ఒక తోక ఉంటాయి. కొన్నిటికి ముందు ఒక తల కూడా ఉంటుంది. ఒళ్ళు శరీరంలో ఏ భాగమో చెబుతుంది. తోక ఆ భాగానికి ఏమైందో, ఏం చేస్తారో చెబుతుంది. తల ఎక్కువా తక్కువా, లోపలా బయటా అన్నది చెబుతుంది.

ముందు తోకలు పట్టుకుందాం.

‘ఐటిస్’ అంటే వాపు, మంట. ‘గ్యాస్టర్’ అంటే పొట్ట, కాబట్టి గ్యాస్ట్రైటిస్ అంటే పొట్ట లోపలి పొర వాపు. ‘హెపార్’ అంటే కాలేయం, హెపటైటిస్ అంటే కాలేయపు వాపు. ‘ఆర్థ్రాన్’ అంటే కీలు, ఆర్థ్రైటిస్ అంటే కీళ్ళ వాపు. ‘డెర్మా’ అంటే చర్మం, డెర్మటైటిస్ అంటే... మీరే చెప్పగలరు ఇప్పుడు!

‘ఆల్జియా’ అంటే నొప్పి. కండరాల నొప్పి మయాల్జియా, నరాల నొప్పి న్యూరాల్జియా. కాయితం మీద ‘మయాల్జియా’ అని చూసి ఏదో కొత్త రోగం వచ్చిపడిందని బెంగపడక్కర్లేదు. “ఒళ్ళు నొప్పులండీ” అని మనం చెప్పినదాన్నే డాక్టరుగారు గ్రీకులో రాశారు, అంతే!

‘ఈమియా’ అంటే రక్తానికి సంబంధించినది. ‘హైమా’ అంటే గ్రీకులో రక్తం. ‘అన్’ ముందు చేరితే అనీమియా, రక్తలేమి. హిమోగ్లోబిన్‌లో మొదటి ముక్క కూడా ఆ రక్తమే. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు ఉండాలి. అంతకు తగ్గితే అనీమియా కిందే లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో నూటికి 57 మందికి అనీమియా ఉందని తేలింది. ఇంటిల్లిపాదికీ వడ్డించి, చివర్లో గిన్నె అడుగున మిగిలింది తినే మన అలవాటు కూడా ఇందులో దాక్కుని ఉంది. ఈ మాటని మాత్రం ప్రతి ఇల్లాలూ గుర్తుపట్టి తీరాలి.

‘ఓమా’ అంటే గడ్డ. ఈ తోక చూస్తే చాలామందికి గుండె ఝల్లుమంటుంది. కానీ ప్రతి ‘ఓమా’ క్యాన్సర్ కాదు. లైపోమా అంటే కొవ్వు గడ్డ. హిమటోమా అంటే దెబ్బ తగిలిన చోట రక్తం గూడుకట్టడం. స్కానింగు రిపోర్టులో ‘లియోమయోమా’ అని ఉంటే అది మనం వినే ఫైబ్రాయిడ్ గడ్డే, అవి చాలావరకు క్యాన్సర్ కావు. కార్సినోమా, లింఫోమా, మెలనోమా మాత్రం క్యాన్సర్లే. అందుకని ‘ఓమా’ కనిపించగానే ఏడుస్తూ కూర్చోవద్దు, అలాగని పక్కన పడెయ్యనూ వద్దు. “ఇది ఏ రకం గడ్డ డాక్టరుగారూ?” అని అడగండి.

‘ఆయిడ్’ అంటే ‘లాంటిది’ అని. టైఫస్ అనే జ్వరం లాంటిది టైఫాయిడ్. తలుపులాగా పొడుగ్గా ఉండే డాలు ఆకారంలో ఉన్న గ్రంథి థైరాయిడ్. గ్రీకులో ‘థైరా’ అంటే తలుపు. అది మన ‘ద్వారం’కి చుట్టం. ఆ చుట్టరికం సంగతి తర్వాత చెప్తాను.

‘హైపో’, ‘హైపర్’ – ఒక్క అక్షరం తేడా!

ఇక తలల దగ్గరికి వద్దాం. వీటిలో మనం ముందు నేర్చుకోవలసినవి ఈ రెండే. ‘హైపో’ అంటే తక్కువ, ‘హైపర్’ అంటే ఎక్కువ. వినడానికి ఒకేలా ఉంటాయి, అర్థాలు మాత్రం తూర్పూ పడమరా. నేనైతే ‘హైపో’లో ‘పో’ ఉంది కాబట్టి తగ్గిపోవడం అని గుర్తు పెట్టుకున్నాను. మా అత్తగారికి కూడా అలాగే నేర్పాను.

షుగర్ ఉన్నవాళ్ళ ఇంట్లో ఇది తెలిసి తీరాలి. హైపోగ్లైసీమియాని ముక్కలు చెయ్యండి. హైపో – తక్కువ, గ్లైకిస్ – తీపి, ఈమియా – రక్తం. రక్తంలో చక్కెర తగ్గిపోవడం అన్నమాట. హైపర్‌గ్లైసీమియా దానికి పూర్తిగా వ్యతిరేకం. మందు వేసుకుని భోజనం ఆలస్యం చేసిన మనిషికి చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, మాట తడబడితే అది హైపో కావచ్చు. పరీక్షలో 70 కన్నా తక్కువ కనబడితే, మనిషి స్పృహలో ఉంటే, మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలయ్యాక మళ్ళీ పరీక్ష చెయ్యాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. “షుగర్ మనిషికి పంచదార ఏమిటి!” అని ఎవరైనా చెయ్యి అడ్డం పెడితే, ఇది ‘హైపర్’ కాదు, ‘హైపో’ అని ధైర్యంగా చెప్పండి.

థైరాయిడ్ సంగతి ఇంకొంచెం తిరకాసు. హైపోథైరాయిడ్ అంటే థైరాయిడ్ గ్రంథి తక్కువ పనిచేస్తోందని అర్థం. కానీ రిపోర్టులో టి.ఎస్.హెచ్. అంకె పెరిగి ఉంటుంది! “థైరాయిడ్ పెరిగిందట” అని ఊరంతా చెప్పుకుంటాం. నిజానికి టి.ఎస్.హెచ్. అనేది మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి పంపించే కబురు. థైరాయిడ్ బద్ధకిస్తే “పనిచెయ్యి, పనిచెయ్యి” అని పిట్యూటరీ గట్టిగా కేకలేస్తుంది. పెరిగింది ఆ కేక, తగ్గింది థైరాయిడ్ పని. పక్కింటావిడ మాత్ర, మన మాత్ర ఒకటేనా అని పోల్చి చూసుకునేముందు ఆవిడది హైపోనా, హైపరా అని కనుక్కోవాలి. పేరు ‘థైరాయిడ్’ అని ఒకటే అయినా మందులు పూర్తిగా వేరు.

కోసి చూడటమా, తీసెయ్యడమా?

ఆపరేషన్ల పేర్లలో నాలుగు తోకలు ఉన్నాయి. ఈ నాలుగూ కాస్త నిదానంగా చదవండి.

‘స్కోపీ’ అంటే చూడటం. ఎండోస్కోపీ అంటే లోపలికి చూడటం. ‘టమీ’ అంటే కొయ్యడం. లాపరాటమీ అంటే పొట్ట కోసి తెరవడం. ‘స్టమీ’ అంటే నోరులాంటి దారి పెట్టడం. గొంతులో ఊపిరికి దారి పెడితే ట్రేకియాస్టమీ, పెద్దపేగుకి పొట్టమీద దారి పెడితే కొలాస్టమీ. ‘ఎక్టమీ’ అంటే కోసి బయటికి తీసెయ్యడం. అపెండిక్సు తీసేస్తే అపెండిసెక్టమీ, పిత్తాశయం తీసేస్తే కోలిసిస్టెక్టమీ.

మనకి బాగా తెలిసిన ‘ట్యూబెక్టమీ’ మాత్రం ఒక కిచిడీ మాట. ‘ట్యూబ్’ లాటిన్‌ది, ‘ఎక్టమీ’ గ్రీకుది. పేరులో ‘ఎక్టమీ’ ఉన్నా, మామూలుగా ఆ ఆపరేషన్లో గర్భసంచిని తియ్యరు, అండాశయాలని తియ్యరు. గొట్టాలని కట్టి, కత్తిరించడమో మూసెయ్యడమో చేస్తారు, అంతే. అందుకే ఆ తర్వాత కూడా నెలసరి మామూలుగా వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ‘హిస్టెరా’ అంటే గర్భసంచి. హిస్టరెక్టమీ అంటే గర్భసంచి తీసెయ్యడం. ‘ఊఫరాన్’ అంటే అండాన్ని మోసేది. ఊఫొరెక్టమీ అంటే అండాశయం తీసెయ్యడం. ‘సాల్పింక్స్’ అంటే బాకా. బాకాలాగా ఉంటుంది కాబట్టి అండవాహిక గొట్టానికి ఆ పేరు పెట్టారు. సాల్పింజెక్టమీ అంటే ఆ గొట్టం తీసెయ్యడం.

మాకు దూరపు బంధువు, వరసకి వదిన. 38 ఏళ్ళకే గర్భసంచి ఆపరేషను అయింది. అయిన నెలలోపే ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రిళ్ళు చెమటలు, నిద్ర లేదు, అయినదానికీ కానిదానికీ చిరాకు. ఇంట్లో అందరూ “దీనికి కోపం ఎక్కువైంది” అన్నారు. నాలుగేళ్ళ తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడు ఆ కాయితాలు చూపించింది. అందులో హిస్టరెక్టమీ ఒక్కటే లేదు. పక్కనే ‘బైలేటరల్ సాల్పింగో ఊఫొరెక్టమీ’ అని ఉంది. అంటే రెండు వైపులా గొట్టాలు, అండాశయాలు కూడా తీసేశారు! అండాశయాలు పోతే ముట్లుడిగే దశ ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. ఎముకలు త్వరగా గుల్లబారే ప్రమాదమూ ఉంది. తియ్యడానికి డాక్టర్లకి సరైన కారణమే ఉండి ఉండవచ్చు. కానీ తన ఒంట్లోంచి ఏం తీశారో ఆవిడకి నాలుగేళ్ళపాటు తెలియకపోవడం ఏమిటి చెప్పండి? సంతకం పెట్టింది భర్త. ఆయనకీ తెలియదు. మందు వాడాలా, ఎముకల పరీక్ష చేయించాలా అని అడగాలన్న సంగతి కూడా వాళ్ళకి తట్టలేదు.

ఇదేదో ఒక్కరి కథ అనుకోకండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది, తెలంగాణలో సుమారు ఎనిమిది మంది! అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు అరికట్టడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చెయ్యాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది కూడా. కొందరికి ఈ ఆపరేషను ప్రాణం కాపాడుతుంది, కాదనను. కానీ చెయ్యబోయేది ఏమిటో తెలుసుకున్నాకే సంతకం పెట్టాలి.

ఇంకొకటి. ‘టోటల్ హిస్టరెక్టమీ’ అంటే అండాశయాలతో సహా అన్నీ అని కాదు. గర్భసంచిని దాని ముఖద్వారంతో సహా పూర్తిగా తీసెయ్యడమని. అండాశయాలు తీస్తే ఆ మాట విడిగా రాస్తారు. కాబట్టి కాయితంలో ‘ఊఫొరెక్టమీ’ అన్న ముక్క ఉందా లేదా అని వెతకండి. ఉంటే “ఎందుకు తీస్తున్నారు? ఉంచడానికి వీలు లేదా? మందులతో తగ్గదా?” అని అడగండి. అడిగితే డాక్టరుగారు కోప్పడతారేమోనని భయం వద్దు. కూరగాయల బండి దగ్గర పావుకిలో బెండకాయలకి నాలుగు ప్రశ్నలు వేసేవాళ్ళం, మన ఒంట్లో అవయవం గురించి రెండు ప్రశ్నలు వెయ్యలేమా?

అంతా మన చుట్టాలే!

ఇందాక థైరాయిడ్ దగ్గర చుట్టరికం అన్నాను కదా. గ్రీకు, సంస్కృతం ఒకే మూలభాషలోంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ ఈ పోలిక ఎత్తి చూపించాడు. మన తెలుగు వేరే కుటుంబానిదే అయినా, సంస్కృతం మాటలు మన వంటింట్లో పోపుగింజల్లా కలిసిపోయాయి కాబట్టి గ్రీకు మాటలు మనకి తేలిగ్గా అందుతాయి. చూడండి:

నెలసరిలో కడుపునొప్పిని ‘డిస్‌మెనోరియా’ అంటారు. ‘డిస్’ మన ‘దుస్’, దుష్ఫలితంలో ఉన్నదే. ‘మెన్’ మన ‘మాసం’. ‘రియా’ మన ‘స్రావం’. మూడు ముక్కలూ మూడు చుట్టాలు! నెలసరి రాకపోతే ‘ఎమెనోరియా’. అందులో ‘ఎ’ అన్నది అశాంతి, అసత్యంలో ఉన్న మన ‘అ’. నెలసరి ఆగిపోతే మెనోపాజ్. దాని చుట్టుపక్కల రోజులు పెరిమెనోపాజ్. ఆ ‘పెరి’ పరిసరాల్లో ఉన్న మన ‘పరి’. ‘ఆస్టియాన్’ అంటే అస్థి, ఎముక. ‘కార్డియా’ అంటే హృదయం. ‘ఓడోంట్’ అంటే దంతం. ‘హైడ్రో’ అంటే ఉదకం. పసిపిల్లలకి ఆరు, పది, పధ్నాలుగు వారాలకి వేయించే పెంటావాలెంట్ టీకాలో ‘పెంటా’ అంటే పంచ. అయిదు జబ్బులనుంచి కాపాడేదని. కండరానికీ, ఎలుకకీ గ్రీకులో ఒకటే పేరు, ‘మిస్’. అది మన మూషికానికి చుట్టం. చెయ్యి మడిచి కండ చూపించే మీ అబ్బాయిని గమనించండి, చర్మం కింద ఎలుక పరిగెత్తినట్టు ఉండదూ!

వంటింటి మాటలూ ఉన్నాయి. కడుపులో పుండుని ‘పెప్టిక్ అల్సర్’ అంటారు. గ్రీకులో ‘పెప్సిస్’ అంటే వండటం, అరగటం, పండటం. మన సంస్కృతంలో ‘పచ్’ కూడా అచ్చంగా ఇంతే. పాకం, పచనం, పక్వం అన్నీ దాని పిల్లలే. పొయ్యిమీద ఒకసారి వండుతాం, పొట్టలో రెండోసారి వండుతుంది అని అటువాళ్ళూ, ఇటువాళ్ళూ కూడా అనుకున్నారన్నమాట. ‘ఎగ్జిమా’ అంటే పొంగి బయటికి రావడం. పాలు పొంగినట్టు చర్మం పొంగిందని. ‘డయాబెటిస్’ అంటే గుండా కారిపోవడం. తాగిన నీళ్ళు తాగినట్టే పోతాయని సుమారు 1900 ఏళ్ళ కిందట అరెటియస్ అనే వైద్యుడు ఈ జబ్బుని వర్ణించాడు. మనవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి అందులో తీపి ఉందని పట్టుకుని ‘మధుమేహం’ అన్నారు. మన పిప్పలి పేరేమో గ్రీకులోకి వెళ్ళి ‘పెపెరి’ అయి, చివరికి ఇంగ్లీషు ‘పెప్పర్’ అయింది. గ్రీకువాళ్ళు మిరియాల్ని మందుగా కూడా వాడారు. ఇచ్చిపుచ్చుకోవడాలు అప్పటినుంచీ ఉన్నాయి.

ఒక మాట మాత్రం చేదు

‘హిస్టీరియా’ కూడా ‘హిస్టెరా’ నుంచే వచ్చింది. స్త్రీకి ఊపిరాడకపోయినా, దిగులొచ్చినా, కోపమొచ్చినా గర్భసంచి కదలడమే కారణమని పాతకాలం గ్రీకులు నమ్మారు. ఆ నమ్మకం పోయినా పేరు నిలిచింది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తమ జబ్బుల పట్టికలోంచి ఆ పేరు తీసేసింది. మనం మాత్రం ఇంకా “దానికి హిస్టీరియా” అని తేలిగ్గా అనేస్తుంటాం. మా వదినకి కూడా ఆ బిరుదు దక్కింది! ఇకమీదట మన నోటివెంట ఆ మాట రాకుండా చూసుకుందాం.

చివరగా ఒక హెచ్చరిక. మాట అర్థమైనంత మాత్రాన మనం డాక్టర్లం అయిపోము. రిపోర్టు చదివి మందు మానెయ్యడం, మార్చుకోవడం ఎప్పుడూ చెయ్యకండి. ఈ మాటలు ప్రశ్న అడగడానికి మాత్రమే.

కత్తిరించి ఆ కవరులో దాచుకోండి

ఐటిస్ – వాపు
ఆల్జియా – నొప్పి
ఈమియా – రక్తం
ఓమా – గడ్డ
ఆయిడ్ – లాంటిది
స్కోపీ – చూడటం
టమీ – కొయ్యడం
స్టమీ – దారి పెట్టడం
ఎక్టమీ – తీసెయ్యడం
హైపో – తక్కువ
హైపర్ – ఎక్కువ
అ, అన్ – లేకపోవడం
డిస్ – ఇబ్బంది, చెడు
ఎండో – లోపల
పెరి – చుట్టూ
గ్యాస్ట్రో – పొట్ట
హెపటో – కాలేయం
నెఫ్రో – మూత్రపిండం
కార్డియో – గుండె
ఆస్టియో – ఎముక
ఆర్థ్రో – కీలు
మయో – కండరం
న్యూరో – నరం
హిస్టెరో – గర్భసంచి
ఊఫొరో – అండాశయం